ఉప్పల్ రేవులో దిగిన ఒక దినము

మా సంఘములోని ఒక యౌవనస్థుడు పర్యాటకులను త్రిప్పే పెద్ద ఓడలో, వంటశాలలో పని చేస్తున్నాడు. సెలవుమీద వచ్చినప్పుడు ఒక సాయంత్రము నాచారములోని మా ఇంటికి వచ్చి ఆ ఓడ సంగతులు చెప్పుచూ కూర్చున్నాడు. ఓడ తెల్లవారుజామున ఏదో ఒక రేవుకు చేరుతుందట. ప్రయాణికులు ఫలహారము ముగించుకొని దిగుతారు. వారికి ఎనిమిది, తొమ్మిది గంటల సమయము ఉంటుంది. ఆ ఊరిలో కోట ఉంటే కోట చూస్తారు, బజారులో తిరుగుతారు, ఇంటికి తీసికొని పోవడానికి ఏదో ఒకటి కొనుక్కొంటారు. సాయంత్రము చెప్పిన వేళకు ఓడ ఎక్కాలి. ఆలస్యము చేసినవారి కొరకు ఓడ ఆగదు. 2022 జూన్‌లో విశాఖపట్నము రేవుకు అటువంటి ఓడ ఒకటి వచ్చినప్పుడు పత్రికలలో ఫొటోలు మనమందరమూ చూచాము.

అంతా విని మా శ్రీమతి, "మన పల్లెలవాళ్ళు ఉప్పల్‌లో దిగడమూ ఇంతే కదా బాబూ! ప్రొద్దున దిగుతారు, చీకటి పడక ముందే బస్సు ఎక్కుతారు. కాకపోతే వాళ్ళు కోటా చూడరు, బజారూ చూడరు. ఆసుపత్రి చీటీ పట్టుకొని వస్తారు, మందుల సంచీ పట్టుకొని పోతారు" అన్నది.

ఆ మాట మమ్మును చాలా రోజులు వదలలేదు.

ఉప్పల్ చౌరస్తా నిజముగా ఒక రేవే. వరంగల్, హనుమకొండ, జనగామ, భువనగిరి వైపునుండి వచ్చే బస్సులన్నిటికీ పట్నములో మొదటి పెద్ద మజిలీ అదే. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. 2018లో నారపల్లి వరకు వంతెన పని మొదలై, సంవత్సరాల తరబడి ఆ దారిన వచ్చేవారికి దుమ్ము తినిపించింది. 2023 జూన్‌లో చౌరస్తా చుట్టూ, రోడ్డుకు పైన, నడిచేవారి కొరకు గుండ్రని వంతెన కట్టారు. ఇన్ని వచ్చినా, చేతిలో సంచీతో బస్సు దిగి ఎటు పోవాలో తెలియక నిలబడే పల్లెటూరి మనిషి మాత్రము అక్కడే నిలబడి ఉంటాడు. చదువుతున్న మీలో చాలామంది ఆ స్థలములో నిలబడినవారే.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా తల్లిగారు బ్రతికి ఉన్న దినములలో ఏటేటా క్రిస్మసుకు ఊరినుండి వచ్చి వారము రోజులు మా ఇంట ఉండేవారు. వచ్చిన ప్రతిసారీ, "గోలకొండ ఇక్కడికి ఎంత దూరము నాయనా?" అని అడిగేవారు. దూరమును గురించి కాదు ఆమె అడిగినది. మాకు అది అర్థమయ్యేది కూడా. కాని కూటములు, పరామర్శలు, పెండ్లిండ్లు. "ఈసారి కాదమ్మా, వచ్చేసారి" అనేవారము. పది క్రిస్మసులు అట్లాగే గడిచాయి. ఆమెను సమాధి చేసి వచ్చిన తరువాత మాకు గోలకొండ వైపు వెళ్ళవలసిన పని పడినా వేరే దారిలో పోయేవారము.

కాబట్టి గత ఫిబ్రవరి నెల రెండవ శనివారమున ఆ పని పెట్టుకొన్నాము. భువనగిరికి అవతల ఒక పల్లెలో మేము నెలకు ఒకసారి వెళ్ళి వాక్యము చెప్పే చిన్న సంఘము ఉన్నది. అక్కడి స్త్రీల సమాజమువారు పదకొండుమంది, పిల్లలు నలుగురు, తోడుగా ఇద్దరు మగవారు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు కదా! ఆధార్ కార్డు చూపితే కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తాడు. ఆ వసతి లేకపోతే ఈ ప్రయాణమే లేదు. మగవారి టికెట్లు, ఆటోల ఖర్చు, కోట లోపలికి పెద్దవారి టికెట్లు మాత్రమే చూచుకోవలసి వచ్చింది. పదిహేను ఏండ్ల లోపు పిల్లలకు కోటలో టికెట్టు లేదు.

ఆ పదకొండుమందిలో ఒక అవ్వ ఉన్నది. డెబ్బది దాటిన మనిషి. భర్త రాళ్ళు కొట్టేవాడు. ఎనభైలలో ఊళ్ళో కరువు పడితే భార్యాభర్తలు నాచారము వచ్చి, పారిశ్రామికవాడ ప్రక్కన గుడిసె వేసికొని పదకొండు ఏండ్లు ఉన్నారు. అక్కడి షెడ్ల పునాదులలో, ప్రహరీ గోడలలో ఆయన కొట్టిన రాయి ఎంత ఉన్నదో లెక్క లేదు. రామారావుగారి రామకృష్ణా స్టూడియో గోడ ప్రక్కనుండి రోజూ నీళ్ళ బిందె మోసినదట ఈమె. "కారు జూసిన గాని మనిషిని జూడలే" అని నవ్వుతుంది. ఆ ఏండ్లన్నిటిలో తార్నాక దాటి పట్నము లోపలికి పోయినది రెండు సార్లే, రెండూ ఆసుపత్రికే.

"మా ఆయిన రేపు దీస్కపోత, ఎల్లుండి దీస్కపోత అనెటోడు అయ్యగారూ. గా ఎల్లుండి రానే లేదు" అని ఉప్పల్‌లో బస్సు దిగుతూనే చెప్పింది. ఆయన రెండేండ్ల క్రితము రొమ్ము జబ్బుతో పోయాడు. మొదట క్షయ అనుకొని మందులు వాడారు. చివరికి రాతి దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొన్నదని తేలింది. డాక్టర్లు దానిని సిలికోసిస్ అంటారు. ఊపిరితిత్తులు ఒకసారి గట్టిపడితే వాటిని తిరిగి మెత్తబరచే మందు లేదు. రాయిని తడిపి కొట్టడము, దుమ్ము లోపలికి పోకుండా సరియైన ముసుగు కట్టుకోవడము, ముందుగా చేయగలిగినది అంతే. క్వారీలలో, క్రషర్లలో పని చేసేవారు మీ సంఘములలో ఉంటే ఈ నాలుగు ముక్కలు వారికి చెప్పండి.

ఉప్పల్‌నుండి మెహదీపట్నము బస్సు ఎక్కాము. ఎల్.బి.నగర్, ఆరాంఘర్ మీదుగా నగరమును సగము చుట్టి వస్తుంది. పిల్లలకు అది కూడా విహారమే. ఒక చిన్నవాడు, "భువనగిరిల మనకు కోట ఉన్నది గద, గంత దూరం ఎందుకు పోవుడు?" అని అడిగాడు. ప్రశ్న బాగానే ఉన్నది. భువనగిరి కోట చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుని కాలము నాటిది. త్రిభువనమల్లుడు అనేది ఆయన బిరుదు, కొండకూ ఊరికీ ఆ పేరే వచ్చింది. ఒకే ఒక్క బండరాయి మీద కట్టిన కోట. వీరందరూ పట్నము వచ్చిన ప్రతిసారీ దాని ప్రక్కనుండే వస్తారు. ఎక్కినవారు ఎందరని అడిగితే బస్సులో రెండు చేతులు లేచాయి. మేము నాచారము మనుషులము వారిని చూచి నవ్వడానికి లేదు.

మెహదీపట్నములో ఆటోవారు మమ్మును చూడగానే ఊరివారని పసిగట్టి రెండింతలు అడిగారు. బేరమాడి నాలుగు ఆటోలలో లంగర్‌హౌజ్ మీదుగా బయలుదేరాము. ఫతే దర్వాజా దగ్గర అందరూ తలలు బయటికి పెట్టి చూచారు. అంత ఎత్తు తలుపులు. వాటి నిండా ఇనుప ముండ్లు. ఏనుగులు తలతో మోదకుండా పెట్టినవి. ఫతే అంటే జయము. ఔరంగజేబు 1687లో ఎనిమిది నెలలు ముట్టడి వేసినా ఈ గోడ కూలలేదు. ఫిరంగులకు లొంగని కోటను లోపలి అధికారి ఒకడు లంచము తీసికొని రాత్రివేళ తలుపు తీసి అప్పగించాడు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా దౌలతాబాదు కోటలో ఖైదీగా చనిపోయాడు. ఇక్కడ ఒక ప్రసంగము మా నోటి దాకా వచ్చింది. ఎదురుగా కూర్చున్న మా శ్రీమతి మా ముఖము చూచి కనిపెట్టి, "పిల్లలకు ఆకలి అవుతున్నది" అన్నది. ఊరుకొన్నాము.

కోటకు పేరు గొల్లకొండ నుండి వచ్చినదని చెప్పుకొంటారు. గొల్లవాని కొండ. కాకతీయుల నాడు మట్టికోట. తరువాత బహమనీలకు, 1518 నుండి కుతుబ్ షాహీలకు చేరింది. వారే దానిని రాతికోటగా పెంచారు. బయటి ప్రాకారము సుమారు ఏడు కిలోమీటర్లు, 87 బురుజులు, ఎనిమిది దర్వాజాలు. లోపల కొండ ఎత్తు దాదాపు నాలుగు వందల అడుగులు. సండే స్కూలు పిల్ల ఒకతె గోడను తలెత్తి చూచి, "యెరికో గోడలు గిట్లనే ఉంటుండెనా?" అని అడిగింది.

ఓడల మాట ఎత్తాము కనుక ఇది కూడా చెప్పాలి. గోలకొండకు సముద్రము లేదు గాని రేవు ఉండేది. అది మన బందరు, మచిలీపట్నము. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ ఓడలు దిగి వ్యాపారము మొదలుపెట్టారు. అద్దకపు బట్టలు, కృష్ణాతీరములో కొల్లూరు గనుల వజ్రాలు వారిని రప్పించాయి. ఓడ దిగినవారు గోలకొండ చేరడానికి ఎద్దుబండ్లమీద రోజుల తరబడి ప్రయాణము చేయాలి. ఆ బందరు బాట మన ఉప్పల్‌కు దగ్గరలోని హయత్‌నగర్ మీదుగానే వచ్చేది. హయాత్ బక్షీ బేగము కట్టించిన మసీదు, పెద్ద బావి నేటికీ అక్కడ ఉన్నాయి. ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు టావెర్నియే పదిహేడవ శతాబ్దములో గోలకొండకు వచ్చి ఇక్కడి గనులను, బేరములను గురించి వివరముగా వ్రాసి పెట్టుకొన్నాడు. వజ్రాలు తూచినవారి మాటలు పుస్తకములలో ఉన్నాయి.

అవ్వ చూచినది వజ్రాలను కాదు. బాలా హిస్సార్ దర్వాజా దగ్గర మేము టికెట్లు లెక్కపెట్టుకొనుచుండగా ఆమె గోడ దగ్గరికి పోయి రాతిమీద చెయ్యి పెట్టి నిలబడింది. పిలిస్తే పలుకలేదు. దగ్గరికి వెళ్ళాము.

"గీ గుంతలు జూడుండ్రి అయ్యగారూ" అన్నది. రాతి అంచున వరుసగా, చిటికెన వేలు పట్టేంత గుంటలు సగము సగము కనబడుతున్నాయి. ఎన్నిసార్లు ఆ కోటకు వచ్చినవారైనా వాటిని చూచి ఉండరు. "వరుసగ గుంతలు కొట్టి, చీలలు దిగగొట్టి, సమ్మెటతోని ఒకటెనుక ఒకటి ఎయ్యాలె. రాయి రొట్టె ఇరిగినట్టు ఇరుగుతది. తొందర పడితె అడ్డం పలుగుతది. గిది మా ఆయిన పనే."

కొంచెము సేపు ఆగి, "కట్టినోళ్ళ పేర్లు యాడనన్న రాసిండ్రా?" అని అడిగింది.

రాజుల పేర్లు మాకు తెలుసు, సంవత్సరములతో సహా. ఆమె అడిగినదానికి మా దగ్గర జవాబు లేదు.

మెట్లు సుమారు 360 అంటారు. అవ్వకు మోకాళ్ళు సహకరించవు. "మీరు పోయి రాండ్రి. నేను గీడనే కూసుంట" అని ఆ దర్వాజా దాటగానే ఉన్న గుమ్మటము క్రింద కూర్చున్నది. మా శ్రీమతి ఆమెతో ఉండిపోయింది. ఆ గుమ్మటమే గోలకొండలో పేరుపొందినది. దాని క్రింద నిలిచి చప్పట్లు కొడితే కొండమీది వరకు వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవారికి తెలియడానికి అట్లా కట్టారని చెప్తారు. అయితే శనివారము నాడు అక్కడ వందమంది చప్పట్లు కొడుతూనే ఉంటారు. ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? అవ్వ మనుమడే ఉపాయము చెప్పాడు. ఆదివారము ఆరాధనలో పాటలకు అవ్వ కొట్టే తాళము ఒకటి ఉన్నది, మూడు దెబ్బలు, ఆగి రెండు, మరల మూడు. సంఘమంతా ఒక తీరున కొడితే ఆమె ఒక తీరున కొడుతుంది. అది కొట్టమన్నాడు.

ఎక్కడము ఉదయమే మంచిది. పదకొండు దాటితే ఫిబ్రవరిలో కూడా రాయి వేడెక్కుతుంది. నీళ్ళ సీసాలు క్రిందనే నింపుకొని పోవాలి. దారిలో గోడలలో మట్టి గొట్టముల ముక్కలు కనబడుతాయి. క్రింది బావులనుండి ఎద్దులు త్రిప్పే చక్రములతో నీటిని ఒక తొట్టికి, అక్కడినుండి పై తొట్టికి, ఇట్లా అంచెలంచెలుగా కొండమీదికి ఎక్కించేవారట. పల్లెటూరి పిల్లలకు ఇది చప్పున అర్థమయింది. మోటబావి కబుర్లు తాతల దగ్గర విన్నవారే. రామదాసు ఖైదు దగ్గర ఆడవారందరూ ఆగిపోయారు. భద్రాచలము తహశీలుదారు కంచర్ల గోపన్న సర్కారు శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడని తానాషా కాలములో పన్నెండేండ్లు ఇక్కడ బంధించారని చెప్పుకొంటారు. పైకప్పులోని రంధ్రమునుండి వచ్చే వెలుగు తప్ప వేరే వెలుగు లేని గది. ఒక సహోదరి, "ఈయన పెండ్లాం పిల్లలు యాడ ఉన్నరో పన్నెండేండ్లు" అన్నది. ఎవరూ మాటాడలేదు.

మసీదు దాటి, జగదంబ గుడి దాటి, పైన బారాదరి చేరేసరికి పెద్దవారు రొప్పుతున్నారు, పిల్లలు పరుగెడుతున్నారు. ఒక వైపు కుతుబ్ షాహీల గుమ్మటములు, పడమట గచ్చిబౌలి మేడలు. "మన ఉప్పల్ ఏది?" అని అడిగితే తూర్పు వైపు పొగమంచు చూపించాము. అప్పుడు మా శ్రీమతికి ఫోను చేశాము. "ఇదిగో, ఇప్పుడు కొడుతున్నది" అన్నది.

గోడ అంచుకు చేరి చెవులు రిక్కించి నిలబడ్డాము. క్రిందినుండి చప్పట్లు వస్తూనే ఉన్నాయి, చిటపట వానలాగా. మనుమడు, "వినిపించింది! మూడు, రెండు, మూడు!" అని ఎగిరాడు. పెద్ద మనుమరాలు, "ఏం వినిపించలే, వీడు అబద్ధమాడుతున్నడు" అన్నది. తోడు వచ్చిన మగవారు ఇద్దరూ తల అడ్డముగా ఊపారు. మాకు మాత్రము వినిపించింది. అవ్వదేనా అంటే చెప్పలేము.

దిగి వచ్చి చెట్టు క్రింద సద్దులు విప్పాము. పులిహోర, జొన్నరొట్టె, సంక్రాంతికి చేసి డబ్బాలో దాచిన సకినాలు. తిని లేచేసరికి రెండు గంటలు.

అక్కడినుండి చార్మినారుకు కార్వాన్ మీదుగా వెళ్ళాము. కార్వాన్ అంటే బిడారు, వర్తకుల బండ్ల గుంపు. గోలకొండ వజ్రాల బేరములు ఒకప్పుడు ఆ వాడలోనే జరిగేవి. మూసీ మీద పురానాపూల్ 1578లో కట్టినది. నాలుగు వందల ఏండ్ల క్రితము గోలకొండ నుండి క్రొత్త నగరమునకు పోయిన దారి ఇదే. నీటి ఎద్దడి, ఇరుకు పెరిగి మహమ్మద్ కులీ నది ఇవతలికి రాజధానిని తెచ్చి, 1591లో చార్మినారు కట్టించాడు. దానిమీది గడియారములు 1889లో పెట్టినవి. ఎక్కడానికి వరుస పొడుగుగా ఉన్నది. మోకాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. ఎవరూ ఎక్కుతామనలేదు.

ఇక్కడ మేము ఒక పొరపాటు చేశాము. ఆడవారిలో ఐదుగురు బేగంబజారు పోదామన్నారు. "సమయము లేదు, చూడవలసినది ఇక్కడ ఉన్నది" అని మేము కొంచెము గట్టిగానే చెప్పాము. తరువాత తెలిసింది, ఏప్రిల్‌లో వారి ఇండ్లలో రెండు పెండ్లిండ్లు ఉన్నాయి. బేగంబజారు టోకు దుకాణములలో గిన్నెలు, బిందెలు ఊరికంటె ఎంతో తక్కువకు దొరుకుతాయని లెక్క వేసికొని, కొంగున డబ్బు కట్టుకొని వచ్చారు. నిజాము అలీఖాన్ బేగము వర్తకులకు ఇచ్చిన స్థలములో పుట్టిన బజారు అది, నేటికీ పల్లెల పెండ్లి సామాను అక్కడినుండే పోతుంది. కోటకంటె వారికి కావలసినది అదే. అయ్యగారి మాట కాదనలేక ఊరుకొన్నారు. ముందుగా ఒక్క మాట అడిగి ఉంటే కోటలో ఒక గంట తగ్గించుకొనేవారము.

చార్మినారుకు పడమటి వైపు లాడ్‌బజారు. గాజుల వీధి. పగలే దీపములు వెలిగించి పెడతారు, తళతళకు కండ్లు చెదురుతాయి. లక్క గాజు చేసేవాని దగ్గర పిల్లలను నిలబెట్టాము. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, బల్లమీద కడ్డీగా సాగదీసి, కొలతకు వంచి, రెండు కొసలు కలిపి, వేడి ఆరక ముందే చిన్న చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతాడు. వ్రేళ్ళు కాలవా అని అడిగితే చూపించాడు. వ్రేళ్ళ కొసలు చెప్పు అట్టలాగా ఉన్నాయి. ఈ లక్క గాజులకు 2024లో హైదరాబాదు పేరుమీద భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే చోట చేసినవానిని హైదరాబాదు గాజులని అమ్మకూడదు అని దాని అర్థము.

ఆడవారు దుకాణములో కూర్చున్నారు. ఆరు వందలు అన్నది రెండు వందల యాభైకి వచ్చింది. అవ్వ మాత్రము గడప బయట నిలబడి ఉన్నది. మేము కారణము అడుగలేదు. భర్త పోయిన స్త్రీ గాజులు తొడుగుకోరాదనే ఆచారమును మన సంఘములలో విడిచిపెట్టినామని చెప్పుకొంటాము. ప్రసంగములు కూడా చేశాము. పల్లెలో మాత్రము సమాధి దగ్గరనుండి ఇంటికి రాగానే చేతులు బోసిపోతాయి. తీయుమని ఎవరూ చెప్పరు, ఉంచుకొమ్మనీ ఎవరూ చెప్పరు.

మా శ్రీమతి బయటికి వచ్చి, "పెద్ద మనుమరాలికి తీసికోవా అవ్వా?" అని అడిగింది. ఆ పిల్ల కోటలో అలిసిపోయి తమ్ముని ప్రక్కన మెట్లమీద నిద్రపోయింది. అవ్వ ఒప్పుకొని లోపలికి వచ్చింది. దుకాణపు కుర్రవాడు కొలత అడిగాడు. రెండు నాలుగా, రెండు ఆరా? అవ్వకు తెలియదు. "దాని చెయ్యి, నా చెయ్యి ఒక్కటే" అన్నది. కుర్రవాడు ఇంకేమీ అడుగలేదు. ఎర్రలక్కమీద తెల్లరాళ్ళు అద్దిన జత తీసి, అలవాటు చొప్పున ఆమె చెయ్యి పట్టుకొని, వ్రేళ్ళు దగ్గరకు నొక్కి, ఎక్కించివేశాడు. రాళ్ళు మోసిన చెయ్యి. గాజు మణికట్టు దగ్గర ఒక్క క్షణము ఆగి లోపలికి జారింది.

ఆడవారందరూ చూస్తున్నారు. అవ్వ కూడా చూచుకొన్నది.

"కొలతకే" అన్నది ఎవరితోనో. "సరిపోయినయి. ఇంటికి వోయి తీస్త. గీడ తీస్తె రాళ్ళు ఊడుతయి."

కుర్రవాడు, "ఊడవు పెద్దమ్మా" అనబోయాడు. మా శ్రీమతి వానికి డబ్బు అందించింది.

అఫ్జల్‌గంజ్ దాకా నడిచి ఉప్పల్ బస్సు పట్టుకొన్నాము. పిల్లలకు ఉస్మానియా బిస్కట్లు కొనిచ్చాము, దారిలో అవి అయిపోయాయి. ఎనిమిది గంటలకు ఉప్పల్ చౌరస్తాలో దిగితే, జనగామ బస్సు కదలడానికి సిద్ధముగా ఉన్నది. ఆ గుండ్రని వంతెన ఎక్కి దిగి, సంచులు, పిల్లలు, మిగిలిన సకినాల డబ్బాతో పరుగెత్తి అందుకొన్నారు. తలలు లెక్కపెట్టాము, పదిహేడు.

అవ్వ కిటికీ దగ్గర కూర్చున్నది. బస్సు కదిలినప్పుడు కమ్మీ పట్టుకొన్న ఆమె చేతికి గాజులు ఉన్నాయి. మనుమరాలు మేలుకొని ప్రక్కనే ఉన్నది, దాని చేతులు ఖాళీగా ఉన్నాయి.